గోల్ కొట్టేది వాడు... చప్పట్లు కొట్టేది ఆమె!

ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఒక జపాన్ కుర్రాడు మకాం వేశాడు. పేరు త్సుబాసా, ఇంటిపేరు ఓజోరా. ఆరో తరగతి చదువుతుంటాడు. వాడికి మనం అన్నం పెట్టక్కర్లేదు, బట్టలు ఉతకక్కర్లేదు. సాయంత్రం ఆరింటి నుంచి ఏడున్నర దాకా టీవీ వాడికి అప్పగించేస్తే చాలు, కాళ్ళ దగ్గర బంతి పెట్టుకుని పరుగెడుతూనే ఉంటాడు. వాడి ముందు మా పన్నెండేళ్ళ అబ్బాయి, పద్నాలుగేళ్ళ అమ్మాయి. వాళ్ళ వెనక బెండకాయలు తరుగుతూ నేను. నా పక్కన మా అత్తయ్యగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ మావయ్యగారు. మావారు మాత్రం "బొమ్మల సినిమాకి ఇంత హడావుడా?" అంటూనే గుమ్మంలో నిలబడి చూసేవారు.

ఆ సీరియల్ పేరు 'కెప్టెన్ త్సుబాసా'. అవును, బొమ్మల సీరియలే. కానీ బొమ్మలే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. పిల్లలు ఏం చూస్తున్నారో మనకీ తెలియాలి కదా అని కాసేపు కూర్చున్నదాన్ని, 52 భాగాలూ అయ్యేదాకా లేవలేదు. చూశాక ఎంత ముచ్చటేసిందో అంత ఒళ్ళు మండింది కూడా. రెండూ చెబుతాను. మీ ఇంట్లో పిల్లలూ ఇలాంటివి చూస్తూనే ఉంటారుగా!

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు కాస్త. ఇప్పుడు జపాన్ ఫుట్‌బాల్ అంటే పెద్ద పేరే గానీ, 1980 ప్రాంతాల్లో అక్కడ పిల్లలకి ఆట అంటే బేస్‌బాలే. మన దగ్గర క్రికెట్ లాగన్నమాట. యోయిచి తకహాషి అనే కుర్రాడు హైస్కూల్లో ఉండగా 1978 ప్రపంచ కప్ పోటీలు టీవీలో చూశాడట. అర్జెంటీనాలో జరిగాయవి. అప్పటి నుంచి అతనికి ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. 1981లో ఒక పిల్లల వారపత్రికలో ఈ బొమ్మల కథ మొదలుపెట్టాడు. 1983లో అది టీవీకి ఎక్కి, 1986 దాకా 128 భాగాలు నడిచింది. మేం చూసింది ఆ పాతది కాదు, 2018లో అదే కథను మళ్ళీ కొత్తగా తీసిన 52 భాగాలు.

జపాన్‌తో ఆగలేదు. ఇటలీలో, స్పెయిన్‌లో, ఫ్రాన్సులో, దక్షిణ అమెరికాలో, అరబ్బు దేశాల్లో పిల్లలు వాళ్ళ వాళ్ళ భాషల్లో చూశారు. ఒక్కో దేశంలో ఒక్కో పేరు పెట్టుకున్నారు. అరబ్బు పిల్లలకి వీడు 'కెప్టెన్ మాజిద్'. స్పెయిన్ ఆటగాడు ఫెర్నాండో టోరెస్ తను ఫుట్‌బాల్లోకి రావడానికి ఈ సీరియలే కారణమని చెప్పుకున్నాడు. 2010లో స్పెయిన్‌కి ప్రపంచ కప్ తెచ్చిన జట్టులో ఉన్నాడాయన! నాకు మాత్రం అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకొకటి. 2004లో జపాన్ వాళ్ళు ఇరాక్‌లోని సమావా పట్నానికి సాయం చేయడానికి వెళ్ళినప్పుడు, మంచినీళ్ళు తీసుకెళ్ళే ట్యాంకర్ల మీద త్సుబాసా బొమ్మ అంటించారు. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడటం ఎలా ఉంటుందో మనకి తెలుసు. ఆ బండి మీద తమకి తెలిసిన పిల్లాడి బొమ్మ కనిపిస్తే అక్కడి పిల్లలకి ఎలా ఉండి ఉంటుందో!

విలన్ లేని కథ

కథ చిన్నదే. త్సుబాసా పసివాడుగా ఉన్నప్పుడు ప్రమాదంలో బండి కింద పడబోతే, చేతిలో ఉన్న బంతి అడ్డుపడి బతికాడు. అప్పట్నుంచి బంతే వాడి నేస్తం. నాన్న ఓడ కెప్టెన్, ఏడాదిలో ఎప్పుడో ఇంటికొస్తాడు. తల్లీ కొడుకులు నాన్‌కాట్సు అనే ఊరికి కాపురం మారతారు. అక్కడ ఇంకో బడిలో వకబయాషి అని ఒక గోల్‌కీపర్, డబ్బున్న వాళ్ళబ్బాయి. వాడిని దాటి ఎవరూ గోల్ వేయలేరు. మనవాడు ఊరి పైన ఎత్తు మీద నిలబడి, బంతి మీద సవాలు రాసి, ఆ బంతిని సరాసరి వాడింటికే తంతాడు!

ఇక్కడ నేను అనుకున్నది ఏమిటంటే, ఇంకేముంది, ఆ డబ్బున్న పిల్లాడు దుర్మార్గుడు, మనవాడు వాడి పొగరు అణుస్తాడు అని. మన సీరియళ్ళకి అలవాటు పడ్డ ప్రాణం కదండీ! మన దగ్గర ఒకరు కనుబొమ్మ ఎగరేస్తే మూడుసార్లు ఉరుము ఉరమాలి, ఎవరో ఒకరు అన్నంలో విషం కలపాలి. ఇక్కడ ఆ రెండు బళ్ళ ఆట డ్రాగా ముగుస్తుంది. ఆ తర్వాత ఊరి జట్టు కట్టేటప్పుడు ఇద్దర్నీ ఒకే జట్టులో వేస్తారు. నిన్నటి శత్రువు ఇవాళ వెనక నిలబడి గోల్ కాస్తాడు. కథ పొడుగునా ఇదే వరస. ప్రత్యర్థిగా వచ్చిన ప్రతి పిల్లాడికీ ఒక ఇల్లుంటుంది, ఆ ఇంట్లో ఒక కష్టం ఉంటుంది, వాడు గెలవాలనుకోవడానికి ఒక కారణం ఉంటుంది.

హ్యూగా సంగతి తీసుకోండి. తండ్రి పోయాడు. తల్లి, ముగ్గురు చిన్నపిల్లలు. వీడే పెద్దవాడు. బడి అయ్యాక పనికి పోతాడు, ఆ తర్వాత ఆట. ఆటలో మహా మొరటు. అడ్డొచ్చిన వాడిని భుజంతో తోసుకుంటూ పోతాడు. మొదట్లో మా అబ్బాయికి వాడంటే కోపం. కానీ పెద్ద బడి వాళ్ళు ఆట చూసి ఉచితంగా చదువు చెప్పిస్తామంటే, ఆ సీటు కోసం వాడు ఆడుతున్నాడని తెలిశాక మా అత్తయ్యగారు పార్టీ మార్చేశారు. "ఆ ఓడ కెప్టెన్ కొడుకు ఓడిపోతే వాడికి పోయేదేముందే? ఈ పిల్లాడికి ఇల్లు గడవాలి" అన్నారు. ఫైనల్ నాడు మా హాల్లో రెండు పక్షాలు. పిల్లలు త్సుబాసా వైపు, పెద్దవాళ్ళం హ్యూగా వైపు. పిల్లల కథలో పేదరికాన్ని ఇంత నిబ్బరంగా, ఏడుపు పాటలు లేకుండా చూపించినందుకు ఆ రచయితకి దణ్ణం పెట్టాలి.

మిసాకి అని ఇంకో పిల్లాడు. వాడి నాన్న చిత్రకారుడు. బొమ్మలు గీయడానికి ఊరూరా తిరుగుతుంటాడు, కొడుకుని వెంటబెట్టుకుని. ఎక్కడా రెండు నెలలు నిలకడ లేదు. స్నేహితులు దొరికేలోపు పెట్టే బేడా సర్దుకోవాలి. బదిలీల ఉద్యోగాలున్న ఇళ్ళలో పిల్లలు పడే బాధే ఇది. కొత్త బడిలో మొదటి రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె తెరుచుకుని ఒక్కరే కూర్చోవడం ఎలాంటిదో మా అమ్మాయికి బాగా తెలుసు. నాలుగేళ్ళలో మూడు ఊళ్ళు మారాం మేము. మిసాకి బస్సెక్కి వెళ్ళిపోయే భాగం అది రెండుసార్లు చూసింది. నేనేం అడగలేదు.

గుండె జబ్బు పిల్లాడు

నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది మిసుగి గురించి. ముసాషి జట్టు కెప్టెన్ వాడు. ఆటలో త్సుబాసాకి ఏమాత్రం తీసిపోడు. కానీ గుండె జబ్బు. ఆటలో కొద్ది నిమిషాలు మాత్రమే మైదానంలోకి దిగుతాడు. సెమీ ఫైనల్లో మాత్రం త్సుబాసా మీద పూర్తి ఆట ఆడి తీరతానని పట్టుబడతాడు. ఆ జట్టు పనులు చూసే యయోయి అనే అమ్మాయి, వాడికి తెలియకుండా త్సుబాసా దగ్గరికి వచ్చి జబ్బు సంగతి చెప్పేస్తుంది. ఈ ఒక్క ఆట వాడికి వదిలెయ్యమని బతిమాలుతుంది.

పన్నెండేళ్ళ పిల్లాడి నెత్తిన ఎంత బరువు పెట్టిందో చూడండి! ఆడితే అవతలివాడి ప్రాణం మీదికి వస్తుందేమోనని భయం. ఆడకపోతే సొంత జట్టుకి ద్రోహం. త్సుబాసా కాళ్ళు కదలవు. జట్టు వాళ్ళకి కారణం తెలియక తిట్టుకుంటారు. ఆఖరికి మిసుగికే తన మీద జాలి చూపిస్తున్నారని అర్థమై, అదే వాడికి జబ్బు కంటే పెద్ద నొప్పి అవుతుంది. జాలి వద్దు, ఆట కావాలంటాడు. త్సుబాసా మళ్ళీ ఆడతాడు, గెలుస్తాడు.

ఆ రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర పెద్ద చర్చ. మా అబ్బాయి "ఆ పిల్ల చెప్పడమే తప్పు" అన్నాడు. మా అమ్మాయి "మరి వాడు అక్కడే పడిపోతే ఎవరు బాధ్యులు?" అంది. మా మావయ్యగారు "అసలు ఆ డాక్టరు ఏమయ్యాడు? ఆ కోచ్ ఏం చేస్తున్నాడు?" అని అడిగారు. నా ఓటు మావయ్యగారికే. కథ ఆ పిల్లల మనసుల్లోకి ఎంత లోతుగా వెళ్ళిందో, పెద్దవాళ్ళ బాధ్యత దగ్గర అంత తేలిగ్గా తప్పుకుంది. గుండె జబ్బున్న పిల్లవాడు మైదానంలో దిగాలా వద్దా అన్నది వాడి పట్టుదల తేల్చే విషయం కాదు, ఇంకో పిల్లవాడి త్యాగం తేల్చేదీ కాదు. 2021లో కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ ఆట మధ్యలో కుప్పకూలిపోవడం టీవీలో మనమంతా చూశాం. పక్కనున్నవాళ్ళు వెంటనే గుండె మీద నొక్కి, మిషనుతో షాక్ ఇచ్చి బతికించారు. ఒంట్లో పరికరం అమర్చాక, డాక్టర్లు సరేనన్నాక, 2022లో మళ్ళీ ఆడాడు. అసలు జీవితంలో జరగాల్సిన వరస అది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క మాట. పరుగెత్తుతూ పిల్లలు కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి అన్నా, దడగా ఉందన్నా "ఎండకి అయి ఉంటుంది" అని మజ్జిగ ఇచ్చి ఊరుకోకండి. దగ్గరి బంధువుల్లో చిన్న వయసులోనే హఠాత్తుగా పోయినవాళ్ళుంటే మరీను. డాక్టరుకి చూపించి, ఇ.సి.జి. తీయించాకే మళ్ళీ గ్రౌండుకి పంపండి.

బంతి ఇంకా గాల్లోనే ఉందా?

ఇక నవ్వొచ్చే లోపాలు. గ్రౌండు ఎంత పొడుగంటే, పిల్లలు పరుగెడుతూనే ఉంటారు, పరుగెడుతూనే ఉంటారు, అవతలి గోల్ మాత్రం కనపడదు. భూమి గుండ్రంగా ఉన్నట్టు అక్కడెక్కడో నేల వంగిపోయి ఉంటుంది. బంతి తన్నాక అది గోల్ చేరేలోపు తన్నినవాడికి చిన్ననాటి సంగతులన్నీ గుర్తుకొస్తాయి, ఆపేవాడికీ గుర్తుకొస్తాయి, చూసేవాళ్ళు తలా ఒక మాట అంటారు. ఒకనాడు మావయ్యగారు లేచి వెళ్ళి బీపీ మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి వచ్చి, "బంతి ఇంకా గాల్లోనే ఉందా?" అన్నారు. ఉంది మరి! కవల పిల్లలిద్దరు గోల్ స్తంభం మీద కాలుపెట్టి ఆకాశంలోకి ఎగురుతారు. ఇంకొకడు సముద్రపు అలల మీదికి బంతి తన్నుతూ సాధన చేస్తాడు. బంతి వేగానికి కోడిగుడ్డులా సాగిపోతుంది, వల చిరిగిపోతుంది. ఇవన్నీ చూసి పిల్లలు చెడిపోరు. మన పౌరాణికాల్లో బాణాలు గాల్లో ఢీకొని పూలవాన కురిస్తే మనం చెడిపోయామా?

మావయ్యగారి బాధ వేరే. ఆయన కుర్రతనంలో హైదరాబాదు ఫతే మైదాన్‌లో సిటీ పోలీసు జట్టు ఆటలు చూసినవారు. రహీం సాబ్ శిక్షణ, అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ ఆట గురించి ఇప్పటికీ చెబుతారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. రెండు జట్లకీ రహీమే కోచ్. ఆయన మొదట బడిపంతులు కూడా. "ఈ సీరియల్లో ఆట అంటే తన్నడమే. బంతి ఇచ్చి పుచ్చుకోవడం ఏదీ? పదకొండు మందిలో ఇద్దరికే పని" అని మావయ్యగారి విసుగు. నిజమే. మంచు కురిసే హొక్కయిడో నుంచి వచ్చే మత్సుయామా జట్టు ఒక్కటే కాస్త కలిసికట్టుగా ఆడుతుంది. వాళ్ళే ఓడిపోతారు పాపం.

చదువుల మాట కూడా అడక్కండి. అంతమంది బడి పిల్లలున్నారు, హోంవర్కు బాధ ఉన్నవాడు ఒక్కడూ కనపడడు. మా అబ్బాయి ఈ విషయం రెండుసార్లు గుర్తుచేశాడు.

నన్ను భయపెట్టిన లోపం మాత్రం వేరు. పెద్ద తరగతులకి వచ్చాక త్సుబాసా ఒంటినిండా దెబ్బలతో ఆడతాడు. భుజం పోతుంది, కాలు పోతుంది. అయినా దిగుతాడు. పడతాడు, లేస్తాడు, పళ్ళ బిగువున గోల్ కొడతాడు. వెనక నుంచి వాద్యాలు. ఆపాల్సిన పెద్దవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని "ఎంత పట్టుదల!" అన్నట్టు చూస్తుంటారు. సరిగ్గా ఆ భాగాలు నడుస్తున్న వారంలోనే మా అబ్బాయి వీధి ఆటలో మడమ దగ్గర బెణికించుకుని వచ్చాడు. వచ్చి చెప్పలేదు. మేజోడు తొడుక్కుని రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు స్నానానికి వెళ్తుంటే కుంటడం మా అత్తయ్యగారి కంటపడింది. చూస్తే చీలమండ ఉబ్బి కమిలిపోయి ఉంది. "ఎందుకు చెప్పలేదురా?" అంటే, "ఆపేస్తారని. త్సుబాసా చెప్పాడా?" అన్నాడు!

డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకకేం కాలేదని, కట్టు వేసి రెండు వారాలు ఆట బంద్ అన్నారు. ఆయన మావాడికి అర్థమయ్యేలా చెప్పిన సంగతి మీకూ చెబుతాను. ఎదిగే పిల్లల్లో ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, ఎముక పొడుగయ్యేది అక్కడి నుంచే. పెద్దవాళ్ళకి బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకి ఆ మెత్తని చోట విరుపు కావచ్చు. అందుకే వాపు ఉండి, కాలు నేల మీద మోపలేకపోతుంటే చూపించి తీరాలి. మొదటి రోజు కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు ఉంచాలి. నాటు మాలీషులు, మెలితిప్పడాలు వద్దు. మా అత్తయ్యగారు అప్పటికే తీసిన ఆవనూనె సీసా మళ్ళీ బీరువాలో పెట్టేశారు.

ఆ రెండు వారాలూ వాడు అదే సీరియల్ మంచం మీంచి చూశాడు. నేను టీవీ కట్టేయలేదు. పక్కన కూర్చుని "ఇప్పుడీ పిల్లాడిని ఎవరు ఆపాలి?" అని అడుగుతూ ఉండేదాన్ని. మొదట చిరాకుపడ్డాడు గానీ, ఫైనల్ దగ్గర తనే "వీడి కోచ్‌ని జైల్లో పెట్టాలి" అన్నాడు. ఆ ఫైనల్ 4-4తో ముగిసి, రెండు జట్లూ కప్పు పంచుకుంటాయి. అది మాత్రం నాకు భలే నచ్చింది. హ్యూగా కూడా గెలిచాడు కదా అని అత్తయ్యగారు ఆ రోజు పాయసం చేశారు.

మరి సనాయే సంగతి?

ఇప్పుడు ఒళ్ళు మండిన విషయానికి వస్తాను. కథ మొదట్లో సనాయే అని ఒక పిల్ల ఉంటుంది. మగపిల్లల నల్లకోటు తొడుక్కుని, తలకి గుడ్డ బిగించి, తన కంటే ఎత్తు జెండా ఊపుతూ మైదానం గట్టు మీద హోరెత్తిస్తుంది. అబ్బాయిలంతా దాన్ని చూసి హడలిపోయి 'అనెగో' అంటారు, మన భాషలో 'అక్కగారు' అన్నట్టు. ఎంత గొంతు, ఎంత ధైర్యం! మా అమ్మాయి చూడగానే "ఇది నేనే!" అంది. ఇక అది ఎప్పుడు గ్రౌండులోకి దిగుతుందా అని ఎదురుచూసింది.

దిగదు. హైస్కూలుకి వచ్చేసరికి ఆ కోటు పోతుంది, గొంతు తగ్గుతుంది. నీళ్ళ సీసాలు అందిస్తూ, తువ్వాళ్ళు మడతపెడుతూ, త్సుబాసాకి దెబ్బ తగిలినప్పుడల్లా చేతులు గుండెలకి అదుముకుంటూ ఉంటుంది. జట్టు 'మేనేజరు' అట! జపాన్ బళ్ళలో మేనేజరంటే ఈ పనులే. తర్వాతి పుస్తకాల్లో త్సుబాసాని పెళ్ళి కూడా చేసుకుంటుంది. మిసుగి జట్టులో యయోయి సంగతీ అంతే. ఆడపిల్లలు ఉన్నది అబ్బాయిల కోసం బెంగపడటానికి. తల్లుల పనీ అదే. త్సుబాసా అమ్మ అంత ఒంటరిగా ఇల్లు నడుపుతుంది కదా, ఆమెకి తనదంటూ ఒక్క కోరికైనా ఉన్నట్టు ఎవరూ చూపించరు. 52 భాగాల్లో ఆమె వంటింట్లోనే ఎక్కువ కనిపించింది.

"ఆ రోజులే అంత, 1981లో రాసిన కథ" అనేవాళ్ళుంటారు. నేనూ అదే అనుకునేదాన్నేమో గానీ, ఒక సంగతి తెలిసింది. జపాన్ మహిళల జట్టు మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ ఆడింది సరిగ్గా ఆ 1981లోనే! వాళ్ళ మహిళల లీగ్ 1989లో మొదలైతే, ఇప్పుడంత పేరున్న మగవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది 1993లో. అంటే ఆ దేశంలో ఆడపిల్లలు ఆడుతూనే ఉన్నారు, కథలోకే రాలేదు. హొమారే సావా అనే అమ్మాయి చిన్నప్పుడు అన్నయ్యతో పాటు మగపిల్లలతో కలిసి ఆడుతూ పెరిగి, పదిహేనేళ్ళకే 1993లో దేశం జట్టులోకి వచ్చింది. 2011 ప్రపంచ కప్ ఫైనల్లో అమెరికా మీద, ఇక ఆట అయిపోతుందనగా 117వ నిమిషంలో గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. పెనాల్టీల్లో జపాన్ గెలిచింది. ఆ ఏడాది మార్చిలోనే వాళ్ళ దేశాన్ని సునామీ ముంచెత్తింది. మగవాళ్ళ జట్టు ప్రపంచ కప్ ఫైనల్ దాకా ఎప్పుడూ రాలేదు. త్సుబాసా కలగన్న కప్పు తెచ్చింది ఒక సనాయే!

ఈ మాట చెబితే మా అమ్మాయి సావా ఆడిన ఆ గోల్ వెతికి పట్టుకుని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అన్నట్టు, ఆడపిల్లల జట్టు కథ కావాలంటే ఆస్ట్రేలియా వాళ్ళ 'మస్టాంగ్స్ ఎఫ్.సి.' అని ఒకటుంది. 2017లో మొదలైంది. బొమ్మలు కాదు, నిజం పిల్లలే నటించారు. ఆటతో పాటు ఇంటి సంగతులు, స్నేహాలు, అలకలు ఉంటాయి. త్సుబాసా అంత ఊపు మాత్రం ఉండదు. ఎవరూ ఆకాశంలోకి ఎగరరు, బంతి బంతిలాగే ఉంటుంది. మా అబ్బాయి రెండు భాగాలకే లేచిపోయాడు. అమ్మాయి కదల్లేదు.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకి ఆడింది. 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకీ వెళ్ళింది. లంబాడీ ఆడపిల్ల యూరప్ క్లబ్బు చొక్కా తొడుక్కుంది! ఈ కథ మన పిల్లలకి ఎవరు బొమ్మలు గీసి చెబుతారో మరి.

చూపించేవాళ్ళకి రెండు సూచనలు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి ప్రైమరీ బడి భాగాలు చాలు. హైస్కూలు భాగాల్లో దెబ్బలూ రక్తమూ ఎక్కువ. రోజుకి మూడు భాగాలు దాటనివ్వకండి, ఎందుకంటే ప్రతి భాగమూ బంతి గాల్లో ఉండగానే ఆగిపోతుంది, మీ పిల్లలు "ఇంకొక్కటే అమ్మా" అనక మానరు. పాత 128 భాగాల జోలికి పోతే మీ ఓపిక. బొమ్మలు పాతవి, సాగదీత రెట్టింపు. త్సుబాసాకి బ్రెజిల్ తీసుకెళ్తానని మాటిచ్చి, తన నోటుపుస్తకం ఒకటి వదిలేసి చెప్పకుండా వెళ్ళిపోయే రొబెర్టో గురువుగారి ఘట్టంలో చిన్నపిల్లలు బాగా ఏడుస్తారు, పక్కనుండండి. మా వాడు ఏడవలేదని చెప్పమన్నాడు.

బడి తెరిచిన మొదటి వారంలో మా అమ్మాయి వాళ్ళ పీఈటీ సార్ దగ్గరికి వెళ్ళి ఆడపిల్లలకి ఫుట్‌బాల్ ఉందా అని అడిగింది. "మీకు త్రోబాల్, టెన్నికాయిట్ ఉన్నాయిగా తల్లీ, ఫుట్‌బాల్ ఎందుకు? దెబ్బలు తగిలితే రేపు మీ అమ్మానాన్నలే నా మీదికొస్తారు" అన్నారట. ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను, వచ్చే తల్లిదండ్రులున్నారు కాబట్టే ఆయన ఆ మాట అన్నారు. నేనూ, ఇంకో ఇద్దరు తల్లులూ కలిసి బడికి వెళ్ళాం. దెబ్బలు తగిలితే మేం రామని, రాసివ్వమన్నా ఇస్తామని చెప్పాం. హెడ్మిస్ట్రెస్ గారు నవ్వి, "పదకొండు మందిని తీసుకురండి, శనివారాలు ఒక గంట గ్రౌండు ఇస్తాను" అన్నారు.

ఇప్పటికి ఏడు పేర్లు వచ్చాయి. ఇద్దరి ఇళ్ళల్లో నిక్కర్లు వేసుకోవడం దగ్గర బేరం నడుస్తోంది, ట్రాక్ ప్యాంట్లతో ఒప్పిస్తామని మా అమ్మాయి అంటోంది. గోల్‌కీపర్‌గా నిలబడటానికి మాత్రం ఎవరూ ముందుకు రావడం లేదట.